నల్లమట్టి దేశంలో నాన్నతో ఎనిమిది రోజులు

నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉన్న మమ్మీని చూపించడానికి నాన్న తీసుకెళ్ళాడు. అద్దాల పెట్టెలో పడుకున్న ఆ అమ్మాయిని చూసి భయపడి ఆయన పంచె పట్టుకుంటే, "భయమెందుకమ్మా, వాళ్ళ మనుషుల్ని వాళ్ళు అలా దాచుకున్నారు" అన్నాడు. ఆ మాట నాకు ఎప్పుడూ గుర్తే. ఇప్పుడు ఆయనకి 68. అద్దంకి దగ్గర మా ఊరు, సాగర్ కుడి కాలువ చిట్టచివరి భూములు, నల్లరేగడి, నీళ్ళు మా దాకా వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అమ్మ పోయి మూడేళ్ళయింది. శనగ వేసేశాక డిసెంబర్‌లో కాస్త తీరిక దొరుకుతుంది కదా అని, ఆయన్ని ఒప్పించి, పొలం బాబాయికి అప్పజెప్పించి, ఈజిప్టుకి బయల్దేరదీశాను. రోజూ రాత్రి రూములో ఫోన్‌లో రాసుకున్న ముక్కలు ఇవి.

మొదటి రోజు, గిజా

పిరమిడ్లు ఎక్కడో ఎడారి మధ్యలో ఉంటాయని అనుకుంటాం కానీ కైరో మహానగరం వాటి కాళ్ళ దాకా వచ్చేసింది, అపార్ట్‌మెంట్ల మధ్య నుంచి కారు మలుపు తిరగగానే ఒక్కసారిగా ఆకాశం సగం మూసుకుపోయినట్టు ఖుఫు పిరమిడ్ కనిపించింది. కట్టినప్పుడు దాని ఎత్తు 146 మీటర్ల పైన, ఇప్పుడు కొస ఊడిపోయి 138 చిల్లర. దాదాపు 23 లక్షల రాళ్ళు. క్రీ.పూ. 2560 ప్రాంతం నాటిది, అంటే మన అమరావతి స్తూపం కట్టే నాటికే దాని వయసు రెండు వేల ఏళ్ళు దాటింది.

నాన్న కింద రాయి మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడి, "ఇవన్నీ ఎట్లా తెచ్చారు?" అని అడిగాడు. ఈ ప్రశ్నకి గ్రహాంతరవాసుల దాకా వెళ్ళిపోయేవాళ్ళు ఉన్నారు కానీ, జవాబు చేతిరాతతో సహా దొరికింది. 2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్ అనే చోట ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్త పియర్ టాలే బృందానికి పపైరస్ కాగితాలు దొరికాయి, ఇప్పటిదాకా దొరికిన రాతకాగితాల్లో అవే అతి పాతవి. వాటిలో మెరెర్ అనే మేస్త్రీ డైరీ ఉంది. తన కింద ఉన్న 40 మంది దాకా పనివాళ్ళతో, నది అవతల తూరాలో తెల్ల సున్నపురాయి పడవకెత్తించి, నైలు మీదా కాలువల మీదా గిజాకి ఎలా చేర్చాడో, ఏ రాత్రి ఎక్కడ ఆగాడో రోజువారీగా రాసుకున్నాడు. వరద వచ్చినప్పుడు నీళ్ళు ఎడారి అంచు దాకా వచ్చేవి. అంటే రాయిని మోసింది ఎక్కువ దూరం నీళ్ళే. లోపలి గదికి వాడిన గ్రానైటు అయితే దక్షిణాన 800 కిలోమీటర్ల దూరంలోని అస్వాన్ నుంచి నది మీద వచ్చింది.

"అదీ సంగతి, కాలువ ఉంది కాబట్టి" అన్నాడు నాన్న. ఆయనకి అక్కడితో అనుమానం తీరిపోయింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. బానిసల్ని కొరడాలతో కొట్టి కట్టించారని చాలామంది నమ్ముతారు. 1990లో ఇక్కడే ఒక గుర్రం కాలు ఇసుకలో దిగబడి తట్టుకున్న మట్టిగోడ పనివాళ్ళ సమాధులది అని తేలింది. రాజు పిరమిడ్‌కి అంత దగ్గరలో, పక్కన రొట్టె, బీరు కుండలు పెట్టి, పద్ధతిగా పూడ్చారు. విరిగి మళ్ళీ అతుక్కున్న ఎముకలు దొరికాయి, అంటే కట్లు కట్టేవాళ్ళూ ఉన్నారు. కష్టం లేదని కాదు, నడుములు అరిగిపోయిన ఎముకలూ అక్కడే ఉన్నాయి. కానీ వాళ్ళని మనుషులుగానే సాగనంపారు.

మోకాళ్ళ నొప్పులతో నాన్న బయటే కూర్చున్నాడు, నేను ఒక్కదాన్నే లోపలికి వెళ్ళాను. వంగి వంగి ఎక్కి పెద్ద దారిలోకి రాగానే తల పైన ఎనిమిది మీటర్ల పైచిలుకు ఎత్తున రాళ్ళు దగ్గరికి జరుగుతూ మూసుకుపోతాయి. ఆ పైన రాజు గది, అందులో మూత లేని ఒక గ్రానైటు పెట్టె, ఇంకేమీ లేదు. ఇంత కట్టించిన ఖుఫుది పూర్తిగా మిగిలిన విగ్రహం ఒక్కటే, అదీ దంతంతో చేసింది, ఏడున్నర సెంటీమీటర్లు. మన బొటనవేలంత.

రెండో రోజు, సక్కారా

నాన్నకి అన్నిటికన్నా నచ్చిన దారి ఇది. కాలువ పక్కనే రోడ్డు, ఖర్జూర తోటలు, గాడిద బండ్ల మీద పచ్చగడ్డి, క్యాబేజీ మడులు, గట్టు మీద అచ్చం మన గేదెలే. కారు ఆపమని దిగి, దున్నిన చేలోంచి ఒక గడ్డ తీసి నలిపి చూశాడు. నలుపు. పాతకాలపు ఈజిప్షియన్లు తమ దేశాన్ని కెమెట్ అని పిలుచుకునేవాళ్ళు, అంటే నల్లనేల. దాని అవతల ఎడారి దెష్రెట్, ఎర్రనేల. పంట, ఊరు, బతుకు నల్లమట్టి మీద, సమాధులు ఎర్రమట్టి మీద. నిజంగానే ఒక కాలు పచ్చటి చేలో, ఇంకో కాలు ఇసుకలో పెట్టి నిలబడగలిగినంత కచ్చితంగా ఉంటుంది ఆ గీత.

సక్కారాలో జోసెర్ మెట్ల పిరమిడ్ గిజా వాటికన్నా వంద ఏళ్ళ ముందుది. అప్పటిదాకా రాజుల సమాధులు ఇటుకతో కట్టిన అరుగుల్లా ఉండేవి, ఇమ్‌హోటెప్ అనే మంత్రి రాతి అరుగు మీద అరుగు పేర్చి ఆరు మెట్లు చేశాడు, 60 మీటర్ల పైన లేచింది. తర్వాతి కాలంలో జనం ఆయన్ని వైద్యం చేసే దేవుడిగా కొలిచారు. రాజుని కాదు, కట్టినవాడిని.

దగ్గర్లోనే ఉనాస్ పిరమిడ్. బయటికి రాళ్ళ గుట్టలా ఉంటుంది, లోపల గోడల నిండా నీలి రంగు అద్దిన అక్షరాలు, పైకప్పు నిండా నక్షత్రాలు. క్రీ.పూ. 2350 ప్రాంతం. పిరమిడ్ గోడల మీద మంత్రాలు చెక్కడం ఇక్కడే మొదలైంది, చనిపోయిన రాజు ఆకాశానికి ఎలా ఎక్కాలో, ఏ ద్వారం దగ్గర ఏమనాలో అన్నీ.

కానీ నన్ను, నాన్నని ఇద్దర్నీ ఆపేసింది రాజుల చోటు కాదు, 'తీ' అనే ఒక అధికారి సమాధి. గోడ మీద ఆవుల మందని కాలువ దాటిస్తున్నారు. ముందు ఒక కాపరి లేగదూడని వీపు మీద వేసుకుని నీళ్ళలో నడుస్తున్నాడు, దూడ మెడ వెనక్కి తిప్పి తల్లి కోసం అరుస్తోంది, తల్లి మూతి చాపి వెంట వస్తోంది, తల్లి దిగింది కాబట్టి మంద దిగింది. "దూడని ముందు తీసుకెళ్తే ఆవు అదే వస్తుంది, మేమూ అదే చేసేవాళ్ళం" అన్నాడు నాన్న. 4,400 ఏళ్ళ నాటి బొమ్మ. ఆ చెక్కినవాడు కాలువ గట్టున పెరిగినవాడే, అందులో నాకు అనుమానం లేదు.

పక్కన మెరెరుకా సమాధిలో శిస్తు తక్కువ కట్టిన ఊరిపెద్దల్ని వంచి కొడుతున్న బొమ్మ కూడా ఉంది. ముందు పక్కన లెక్కలు రాసేవాళ్ళు వరుసగా కూర్చుని ఉంటారు. ఆ దృశ్యాన్ని సమాధిలో గొప్పగా చెక్కించుకున్నాడంటే అధికారం గురించి వాళ్ళు ఏమనుకునేవాళ్ళో తెలుస్తోంది.

మూడో రోజు, మ్యూజియాలు

2025 నవంబర్‌లో పూర్తిగా తెరిచిన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం గిజా పక్కనే. లోపలికి అడుగుపెట్టగానే 11 మీటర్ల రెండో రామ్సెస్ రాజు విగ్రహం, 83 టన్నులు. టూటన్‌ఖామున్ సమాధిలో దొరికిన 5,398 వస్తువులూ మొదటిసారి ఒకే చోట పెట్టారు. 1922 నవంబర్ 4న బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త హోవర్డ్ కార్టర్ మనుషులకి మొదటి మెట్టు కనిపించిన సమాధి అది. తొమ్మిదేళ్ళప్పుడు గద్దెనెక్కి, పంతొమ్మిది నిండేలోపు చనిపోయిన కుర్రాడు. పది కిలోల పైచిలుకు బంగారు ముఖం దగ్గర జనం వదలడం లేదు, అది అంత అందంగానే ఉంది, ఫోటోల్లో ఆ కళ్ళు అలా కనిపించవు.

నేను మాత్రం ఎక్కువసేపు నిలబడింది చిన్న చిన్న బొమ్మల ముందు. షబ్తీలు అంటారు. చనిపోయాక కూడా అక్కడి పొలాల్లో పని ఉంటుందని వాళ్ళ నమ్మకం, గట్లకి నీళ్ళు పెట్టాలి, ఇసుక మొయ్యాలి, పిలుపు వస్తే వెళ్ళాలి. ఆ పిలుపు వచ్చినప్పుడు మన బదులు లేచి "ఇదిగో, నేనున్నాను" అనడానికే ఈ బొమ్మలు. టూటన్‌ఖామున్‌కి 413 ఉన్నాయి. రోజుకి ఒకడు చొప్పున 365, పదిమందికి ఒక మేస్త్రీ చొప్పున 36, నెలకొక పెద్ద మేస్త్రీ 12. బతికున్నప్పుడు రాజు పనికి ఊరి మనుషుల్ని వంతులవారీగా పట్టుకెళ్ళిన దేశం అది, చనిపోయాక కూడా ఆ వెట్టి తప్పదని భయపడ్డారు, రాజు కూడా భయపడ్డాడు! ఇది నాన్నకి చెబితే, "మన తాతల కాలంలోనూ పిలుపొస్తే పోవాల్సిందే" అని ఊరుకున్నాడు.

సాయంత్రం ఇంకో మ్యూజియంలో రాజుల మమ్మీలు. 2021 ఏప్రిల్ 3న 22 మందిని, 18 మంది రాజుల్ని నలుగురు రాణుల్ని, తుపాకుల వందనంతో ఊరేగించి ఇక్కడికి తెచ్చారు. చీకటి గదులు, ఫోటోలు తియ్యకూడదు, ఎవరూ గట్టిగా మాట్లాడరు. 66 ఏళ్ళు ఏలి, 90 దగ్గర పడ్డాక పోయిన రెండో రామ్సెస్, ముక్కు అలాగే ఉంది, జుట్టు ఎర్రగా ఉంది. తలంతా గొడ్డలి గాట్లతో సెకెనెన్రే, హిక్సోస్ అనే పరాయి పాలకుల మీద యుద్ధంలో పోయిన రాజు. శవాన్ని మమ్మీ చెయ్యడానికి, పూర్తి క్రతువుకి 70 రోజులు. మెదడు తీసి పారేస్తారు, కాలేయం, ఊపిరితిత్తులు, పొట్ట, పేగులు నాలుగు జాడీల్లో పెడతారు, ఒళ్ళంతా నేట్రాన్ అనే ఉప్పులో ఆరబెడతారు. గుండె మాత్రం కదిలించరు. ఆలోచన, జ్ఞాపకం, మంచిచెడూ అన్నీ గుండెలోనే ఉంటాయని వాళ్ళు నమ్మారు, తర్వాత తూకానికి అదే కావాలి.

నాన్న బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. "ఇంతమంది వచ్చి చూస్తుంటే వాళ్ళకి నిద్ర ఎట్లా పడుతుంది" అన్నాడు. నాకు జవాబు తట్టలేదు. వాళ్ళ నమ్మకం ప్రకారం పేరు పలికేవాళ్ళు ఉన్నంత కాలం మనిషి బతికే ఉంటాడు, ఆ లెక్కన ఇక్కడ రోజూ వేలమంది వాళ్ళ పేర్లు చదువుతున్నారు.

నాలుగో రోజు, లక్సర్ తూర్పు ఒడ్డు

రాత్రి రైలు మూడు గంటలు లేటు, నాన్నకి సరిగ్గా నిద్ర లేదు, నాకు టెన్షన్. పొద్దున్నే రైలు కిటికీలోంచి చెరకు తోటలు కనిపించాక ఆయన లేచి కూర్చున్నాడు. స్టేషన్ బయట చెరకు రసం తాగి, ఇక్కడి గడ ఎంత లావుందో కొలుచుకుని, సరాసరి కర్నాక్.

కర్నాక్ స్తంభాల మండపంలో 134 స్తంభాలు, మధ్యలో ఉన్న పన్నెండూ 21 మీటర్లు. తల ఎత్తి చూస్తే ఎండ పడని చోట్ల ఇంకా రంగు ఉంది. సేతీ అనే రాజు మొదలుపెడితే కొడుకు రెండో రామ్సెస్ పూర్తి చేశాడు. అమున్ దేవుడి గుడి ఇది. ఇక్కడి పూజ గురించి చదివినప్పుడే అనుకున్నాను, తెలుగువాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదని. తెల్లవారుజామున పూజారి గర్భగుడి తలుపు ముద్ర తీసి, దేవుణ్ణి మేలుకొలిపి, కడిగి, కొత్త బట్ట కట్టి, నైవేద్యం పెడతాడు. దేవుడు ఆరగించాక అది పూజారులకి, గుడి పనివాళ్ళకి పంచుతారు. సామాన్యులకి లోపలికి ప్రవేశం లేదు. ఏడాదికోసారి వరద కాలంలో ఓపెట్ పండగకి దేవుణ్ణి పడవ ఆకారపు పల్లకిలో ఎక్కించి లక్సర్ గుడికి ఊరేగిస్తారు, అప్పుడు జనం దారి పక్కన నిలబడి తమ గోడు చెప్పుకునేవాళ్ళు, పల్లకి ముందుకు కదిలితే అవును, వెనక్కి పోతే కాదు. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారని నేను అనడం లేదు. దేవుణ్ణి ఇంట్లో మనిషిలా చూసుకోవాలనే కోరిక రెండు చోట్లా పుట్టింది, అంతే.

ఆ ఊరేగింపు దారిని, 2.7 కిలోమీటర్లు, రెండు వైపులా సింహం ఒంటి స్ఫింక్స్ బొమ్మలతో, 2021లో మళ్ళీ తెరిచారు. సాయంత్రం కొంత దూరం నడిచాం. లక్సర్ గుడి ద్వారం ముందు ఒకే ఒబెలిస్క్, అంటే కొస తేలిన ఒంటిరాతి స్తంభం, ఉంది, దాని జత పారిస్‌లో 1836 నుంచి నిలబడి ఉంది. జతలో ఒకటి లేకపోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. గుడి లోపలే, పాత స్తంభాల మీదే, అబుల్ హగ్గాగ్ మసీదు. మూడు వేల ఏళ్ళుగా ఏదో ఒక పేరుతో ప్రార్థన ఆగని చోటు.

అఖెనాటెన్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. క్రీ.పూ. 1350 ప్రాంతంలో అమున్‌ని, మిగతా దేవుళ్ళని పక్కకి తోసి, సూర్యబింబం ఆటెన్ ఒక్కటే అని, రాజధానినే మార్చేసిన రాజు. 17 ఏళ్ళు ఏలాడు. పోయాక ఆయన గుళ్ళు విప్పి, ఆ రాళ్ళనే కర్నాక్ గోపురాల లోపల పూడిక రాళ్ళుగా కుక్కేశారు. అలా కుక్కడం వల్లే అవి భద్రంగా మిగిలాయి.

ఐదో రోజు, పడమటి ఒడ్డు

ఈ రోజు గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు.

తెల్లారకముందే రాజుల లోయకి వెళ్ళాం. పిరమిడ్లు కడితే దొంగలకి చిరునామా ఇచ్చినట్టే అని తెలిశాక, కొత్త రాజులు కొండల్లో రహస్యంగా తొలిపించుకోవడం మొదలుపెట్టారు. ఆరో రామ్సెస్ సమాధి పైకప్పు మీద ఆకాశదేవత నూత్ ఒళ్ళంతా చాపి ఉంటుంది, సాయంత్రం సూర్యుణ్ణి మింగి, పొద్దున్నే మళ్ళీ కంటుంది. రాత్రి పన్నెండు గంటలూ సూర్యుడు పాతాళంలో పడవ మీద పోవడం, అడ్డుపడే పాము అపోఫిస్, అన్నీ గోడల మీద ఉన్నాయి. గమనించారా, సూర్యుడు కూడా రథం మీద కాదు, పడవ మీదే.

తర్వాత హాట్షెప్సుట్ గుడి. ఇరవై ఏళ్ళకి పైగా రాజుగా ఏలిన ఆడమనిషి, మగవాడిలా గడ్డం పెట్టుకుని విగ్రహాలు చెక్కించుకుంది అంటారు, అది నిజానికి రాజులందరూ పెట్టుకునే కట్టుడు గడ్డమే. పుంట్ దేశానికి ఓడలు పంపి సాంబ్రాణి చెట్లు తెప్పించింది, గోడ మీద ఆ చెట్లు వేళ్ళ చుట్టూ మట్టితో సహా బుట్టల్లో ఉన్నాయి, కర్రలకి వేలాడదీసి మోస్తున్నారు. ఆమె పోయిన చాలా ఏళ్ళకి, సవతి కొడుకు మూడో టుట్మోస్ కాలంలో ఆమె పేరు, బొమ్మ చెక్కేశారు. ఆ ఉలి గాట్ల మధ్య ఆమె ఆకారం ఇప్పటికీ తెలుస్తుంది.

ఎండ ముదిరాక డెయిర్ ఎల్ మెదీనా. రాజుల సమాధులు తొలిచి, రంగులు వేసిన పనివాళ్ళ ఊరు. మోకాలి ఎత్తు గోడలు, ఇరుకు వీధి, వరుస ఇళ్ళు. నది నుంచి దూరం, నీళ్ళు గాడిదల మీద రావాలి. నీళ్ళ కోసం ఊరి అంచున దాదాపు 50 మీటర్ల లోతు గొయ్యి తవ్వారు. నీళ్ళు పడలేదు. ఈ మాట చెప్పగానే నాన్న ఆ గొయ్యి చూపించమని పట్టుబట్టాడు, అంచున నిలబడి కిందకి చూస్తూ ఉండిపోయాడు. మా చేలో మూడు బోర్లు అలాగే పోయాయి.

ఆ గోతిని చెత్తతో పూడ్చారు, ఆ చెత్తలోనే వేల రాతపెంకులు దొరికాయి, ఎందుకంటే ఈ ఊళ్ళో చాలామందికి చదువు వచ్చు. ఉత్తరాలు, అప్పులు, తగాదాలు. రెండో రామ్సెస్ 40వ ఏట రాసిన హాజరు పట్టీ ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, ఎవరు ఎందుకు పనికి రాలేదో ఎర్ర సిరాతో రాశారు: తేలు కుట్టింది, కళ్ళు బాగోలేదు, తల్లి శవానికి చెయ్యాల్సినవి చేస్తున్నాడు, బీరు కాస్తున్నాడు. మూడో రామ్సెస్ 29వ ఏట కూలి గింజలు రావాల్సిన నాటికి రాకపోతే వీళ్ళు పని ఆపి, గుడి వెనకాల బైఠాయించారు. ఆకలితో, దాహంతో వచ్చాం, బట్టల్లేవు, నూనె లేదు, చేపల్లేవు, కూరల్లేవు, ఈ మాట ఫారోకి చెప్పండి అన్నారు. చరిత్రలో రాతపూర్వకంగా దొరికిన మొదటి సమ్మె అదే. దేవుడి కొడుకనుకునే రాజు సమాధి కడుతున్నవాళ్ళు ఆ రాజుకే ఎదురు నిలబడ్డారు, గింజలు ఇప్పించుకున్నారు. నాకు ఈజిప్టులో ఏ పిరమిడ్ కన్నా ఇది గొప్పగా అనిపించింది.

ఆ ఊరివాడే సెన్నెజెమ్. అతని సమాధి చాలా చిన్నది, వంగి దిగాలి, నాన్న ఈసారి మోకాళ్ళు లెక్కచెయ్యకుండా దిగాడు. రంగులు నిన్న వేసినట్టున్నాయి. చివరి గోడ మీద చనిపోయాక వెళ్ళే లోకం, రెల్లుపొలాలు అంటారు. అక్కడ బంగారు మేడలు లేవు. చుట్టూ కాలువ, మధ్యలో చేలు, ఖర్జూర చెట్లు. సెన్నెజెమ్ తెల్లబట్టలతో నాగలి పట్టాడు, వెనకాల భార్య ఇయ్‌నెఫెర్తి విత్తనం జల్లుతూ వస్తోంది. పై వరుసలో అతను వెన్నులు కోస్తుంటే ఆమె ఏరుతోంది.

నాన్న ఏమీ అనలేదు. మా అమ్మ కూడా గొర్రు వెనకాల విత్తనం వేసేది, చెయ్యి తిప్పడం అంత సమంగా ఊళ్ళో ఇంకెవరికీ రాదని చెప్పుకునేవాళ్ళు. పైకి వచ్చాక ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "స్వర్గంలో కూడా ఇద్దరూ కలిసే చేసుకుంటున్నారు" అన్నాడు.

ఊరి చివర గ్రీకు మూలాల టాలెమీ రాజుల కాలం నాటి హాథోర్ గుడిలో తీర్పు దృశ్యం ఉంది. త్రాసులో ఒక వైపు చనిపోయినవాడి గుండె, ఇంకో వైపు మాత్ ఈక. మాత్ అంటే సత్యం, ధర్మం, లోకం సరిగ్గా నడిచే పద్ధతి, అన్నీ కలిపి ఒకటే మాట. కొంగ తల దేవుడు థోత్ రాసుకుంటూ ఉంటాడు, పక్కన మొసలి తల అమ్మిత్ కాచుకుని ఉంటుంది, గుండె బరువైతే మింగేస్తుంది. తూకానికి ముందు 42 మంది దేవుళ్ళ ఎదుట చనిపోయినవాడు తాను చెయ్యని పాపాలు చెప్పుకోవాలి. మృతుల గ్రంథం 125వ అధ్యాయంలో ఉంది ఆ జాబితా. చంపలేదు, ఎవరినీ ఏడిపించలేదు, తూకంలో మోసం చెయ్యలేదు, పసిబిడ్డ నోటి దగ్గర పాలు లాక్కోలేదు. ఫోన్‌లో ఉన్నది తెలుగు చేసి నాన్నకి వినిపిస్తూ పోయాను. "నీళ్ళు పారాల్సిన కాలంలో నీళ్ళు ఆపలేదు. పారే నీటికి అడ్డుకట్ట వెయ్యలేదు."

"మళ్ళీ చదువు" అన్నాడు. మళ్ళీ చదివాను.

ఆరో రోజు, దారిలో

కారులో అస్వాన్‌కి. దారిలో ఎద్‌ఫూ, గద్ద దేవుడు హోరస్ గుడి, పైకప్పుతో సహా నిలిచిన గుళ్ళలో ఇంత చక్కగా ఉన్నది ఇంకోటి చూడలేదు. గ్రీకు మూలాల టాలెమీ రాజులు కట్టించారు, వాళ్ళూ ఫారో వేషంలోనే గోడల మీద ఉన్నారు. కోమ్ ఓంబోలో మొసలి దేవుడు సోబెక్, మమ్మీ చేసిన మొసళ్ళు. ఎండ, అలసట, రాసేంత ఏమీ లేదు. రాత్రి హోటల్లో ఎర్రటి కర్కదే షర్బత్ ఇచ్చారు. నాన్న ఒక గుక్క తాగి, ఎండబెట్టినవి చూపించమని అడిగి, "ఇవి ఎర్ర గోంగూర కాయల తొక్కలే" అన్నాడు. నిజం, అదే మొక్క. మనం ఆకు తింటాం, వీళ్ళు కాయ తొక్క తాగుతారు.

ఏడో రోజు, అస్వాన్

పొద్దున గ్రానైటు గనిలో సగంలో వదిలేసిన ఒబెలిస్క్ చూశాం, దాదాపు 42 మీటర్లు, లేచి ఉంటే వెయ్యి టన్నులు దాటేది. పగులు వచ్చింది, వదిలేశారు. చుట్టూ నల్లరాతి గుండ్లతో కొట్టి కొట్టి తొలిచిన గుంటలు వరుసగా ఉన్నాయి, ఒక్కో మనిషి కూర్చున్నంత.

మధ్యాహ్నం పడవలో ఐసిస్ దేవత గుడి ఫిలే. చిత్రలిపిలో చెక్కిన చిట్టచివరి శాసనం ఇక్కడే ఉంది, క్రీ.శ. 394 ఆగస్టు 24. ఆ తర్వాత 1,400 ఏళ్ళు ఆ రాత చదవగలిగినవాళ్ళు లేరు, 1822లో ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ రోసెట్టా రాయి సాయంతో విప్పేదాకా. ఒక భాష అక్షరాలు చదివే చివరి మనిషి ఎవరో ఒకరు ఉండి ఉంటారు కదా, ఆ పూజారి ఎలా పోయాడో అని పడవలో వస్తూ చాలాసేపు అనుకున్నాను.

సాయంత్రం ఎలిఫంటైన్ దీవిలో నైలు కొలమానం. నదిలోకి దిగే రాతి మెట్లు, గోడ మీద గీతలు. వరద ఎన్ని మూరలు వచ్చిందో చూసి ఆ ఏడు పంట, దాని మీద శిస్తు లెక్కగట్టేవాళ్ళు. రోమన్ల కాలపు లెక్క ఒకటి ఉంది: 12 మూరలైతే ఆకలి, 13 అయితే కొరత, 14 సంతోషం, 15 నిశ్చింత, 16 ఆనందం. ఈ దీవి దేవుడు ఖ్నుమ్ కుమ్మరి సారె మీద మనుషుల్ని చేస్తాడు, వరదని వదిలేదీ ఆయనే. వాళ్ళ ఏడాదే నీటి లెక్క: వరద నాలుగు నెలలు, పైరు నాలుగు నెలలు, కోత నాలుగు నెలలు, మీద ఐదు రోజులు పండగ. నాన్న చివరి మెట్టు దాకా దిగి నీళ్ళలో చెయ్యి ముంచాడు.

ఎనిమిదో రోజు, అబూ సింబెల్

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం, ఎడారిలో దాదాపు 280 కిలోమీటర్లు. కొండ చుట్టూ తిరిగి ముందుకి రాగానే నలుగురు రామ్సెస్‌లు, ఒక్కొక్కరు 20 మీటర్లు, ఒకరికి నడుము పైభాగం విరిగి కాళ్ళ దగ్గర పడి ఉంది. సింహాసనాల పక్కన వరద దేవుడు హాపీ, వేలాడే పొట్టతో, పైదేశం (దక్షిణ ఈజిప్టు), కిందిదేశం (ఉత్తర ఈజిప్టు) మొక్కల్ని కలిపి ముడి వేస్తున్నాడు. పక్కనే భార్య నెఫెర్తారికి గుడి, అక్కడ ఆమె విగ్రహాలు రాజు విగ్రహాలతో సమానమైన ఎత్తు, అది వాళ్ళ పద్ధతిలో చాలా అరుదు. లోపల, ఇప్పటి టర్కీ వైపు ఏలిన హిట్టైట్లతో చేసిన కాదేష్ యుద్ధం చెక్కించుకున్నాడు, తాను ఒక్కడే గెలిచినట్టు. గెలుపు ఎవరిదీ కాదు, పదిహేనేళ్ళ తర్వాత హిట్టైట్లతో సంధి చేసుకున్నాడు, నాకు ఆయన చేసిన పనుల్లో ఆ సంధే పెద్దదనిపిస్తుంది.

గర్భగుడిలో నలుగురు కూర్చుని ఉంటారు. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి 22న, అక్టోబర్ 22న, ఉదయపు ఎండ 60 మీటర్ల లోపలికి వచ్చి ముగ్గురి మీద పడుతుంది, చీకటికి చెందిన ప్తాహ్ మీద మాత్రం పడదు. గుడి పాత చోట ఉన్నప్పుడు ఒక రోజు ముందు పడేది.

అవును, ఈ కొండ అసలు కొండ కాదు. అస్వాన్ హై డ్యామ్ కడితే మునిగిపోతుందని, 1964 నుంచి 1968 దాకా గుడిని రంపాలతో వెయ్యికి పైగా ముక్కలు కోసి, 65 మీటర్ల ఎత్తున, 200 మీటర్ల వెనక్కి మళ్ళీ నిలబెట్టారు. యునెస్కో పిలుపుకి చాలా దేశాలు కదిలాయి, 1961-62లో మన పురావస్తు శాఖ బృందం కూడా బి.బి. లాల్ నాయకత్వంలో అస్వాన్‌కి దక్షిణాన ఉన్న ఈ నుబియా ప్రాంతంలోనే అఫియే దగ్గర తవ్వకాలు చేసింది. ఇది చదువుతుంటే నాన్న, "మన కొండ కూడా అప్పుడేగా" అన్నాడు. అవును. 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయలో హడావుడిగా తవ్వి, ఇక్ష్వాకుల విజయపురిలో తియ్యగలిగినవి కొండ మీదకి ఎక్కించారు. 1967కి సాగర్ నిండింది. ఆ నీళ్ళే మా చేలోకి వస్తాయి, వచ్చినప్పుడు.

మా కారు డ్రైవర్ నుబియావాడు. వాళ్ళ తాత ఊరు ఈ సరస్సు అడుగున ఉంది. ఈజిప్టు వైపు దాదాపు 50 వేల మందిని కోమ్ ఓంబో వైపు తరలించారు. గుడికి కొండ కట్టారు, వాళ్ళ ఖర్జూర తోటలకి కట్టలేదు. నాన్న నన్ను అడగమన్నాడు, మీ ఊళ్ళో ఏం పండేది అని. ఖర్జూరం, జొన్న, లూపిన్ అనే పప్పుగింజలు, నది తగ్గాక బురదలో చల్లేవాళ్ళం అని చెప్పాడు. డ్యామ్ వచ్చాక మూడు పంటలు పండుతున్నాయి కానీ నల్లమట్టి కొత్తగా రావడం ఆగిపోయింది, అంతా ఎరువుల మీదే అన్నాడు. నాన్నకి తెలుగు తప్ప రాదు, అతనికి అరబ్బీ, కొంచెం ఇంగ్లీషు, అయినా ఇద్దరూ సరస్సు ఒడ్డున పక్కపక్కన చాలాసేపు నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డారు, చేతులతో ఏదో చెప్పుకుంటూ.

తిరుగు దారిలో సిగ్నల్ రాగానే నాన్న బాబాయికి ఫోన్ చేశాడు. మా వంతు నీళ్ళు నిన్ననే రావాలి. రాలేదట, పైన ఎవరో మేజర్ కాలువకి అడ్డంగా ఇసుక బస్తాలు వేశారట. నాన్న కాసేపు విని, ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి, "ఆ రోజు చదివావే, అది ఇంకోసారి చెప్పమ్మా" అన్నాడు. చెప్పాను. ఆయన ఫోన్‌లో ఒక్కో మాటా ఆపి ఆపి అన్నాడు, "నీళ్ళు పారాల్సిన కాలంలో నీళ్ళు ఆపలేదు. పారే నీటికి అడ్డుకట్ట వెయ్యలేదు. ఇది చెప్పుకోవాలిరా చచ్చాక, ఇక్కడ గోడ మీద ఉంది."

బాబాయి అటు నుంచి ఏమన్నాడో నాకు వినపడలేదు. "ఎవరి గోడో కాదురా, పోయి వాళ్ళకి చెప్పు" అంటున్నాడు నాన్న.